మూడు పేకముక్కల సందు

కళ్ళు తెరవని మనిషి మొహం చిట్లిస్తాడా?

ఈ ఒక్క ప్రశ్న ఆరా మేడమ్‌ని పక్కమీద నిలవనివ్వలేదు. మంగళవారం పొద్దున్న ఆరూ ఇరవైకల్లా మాస్టారి ఇంటి గేటు తోసుకుని వెళ్ళి, పెరట్లో బొమ్మ రైలు స్టేషను పక్కన మోకాళ్ళమీద కూర్చుంది. యాభై నాలుగేళ్ళ మోకాళ్ళు కిర్రుమన్నాయి గానీ వాటిని పట్టించుకునే తీరిక ఆమెకి లేదు.

ఆమెకీ ఒక పేరుంది. ఆ పేరుతో పిలిచేవాళ్ళే మిగల్లేదు. ముప్ఫై ఏళ్ళు బీమా కంపెనీలో కాలిపోయిన గోదాములూ బోల్తాపడ్డ లారీలూ చూసి, ఏది ప్రమాదమో ఏది పన్నాగమో తేల్చిన మనిషి. ఎంత చిన్న సంగతైనా ఆరా తీయనిదే వదలదని ఆఫీసులో పెట్టిన పేరు అలాగే అతుక్కుపోయింది. ఉద్యోగం వదిలాక కూడా బుద్ధి వదల్లేదు. ఎవరు పిలిస్తే వాళ్ళ తరఫున డిటెక్టివ్ పని చేస్తోంది.

ఈసారి పిలిచింది మాస్టారి చెల్లెలు. పెరటి రైలు చూడవచ్చే పిల్లలందరికీ అట్టముక్క టిక్కెట్లు చింపి ఇస్తుంది కాబట్టి వీధి వీధంతా ఆవిణ్ణి టిక్కెట్టత్తయ్య అంటారు. పాపం, ఆవిడ పరిస్థితి పగవాళ్ళకి కూడా వద్దు. అన్నయ్య ఆసుపత్రిలో తెలివి లేకుండా పడున్నాడు. ఆ అన్నయ్యని కొట్టాడని కన్నకొడుకుని లాకప్పులో పెట్టారు. మధ్యాహ్నం మూడింటికి కోర్టులో హాజరు. ఒకసారి రిమాండుకి పంపించారంటే మళ్ళీ ఎప్పుడు బయటికొస్తాడో, వచ్చినా ఆ మచ్చ పోతుందో లేదో.

"ఎవరికోసం ఏడవాలో కూడా తెలీడం లేదమ్మా," అంది అత్తయ్య. కళ్ళు తుడుచుకుంటూనే ఇంజను చక్రాలకి నూనె చుక్కలు వేస్తోంది.

"ఏడుపు తరవాత అత్తయ్యా. ముందు ఆ మొహం చిట్లించిన సంగతి మళ్ళీ చెప్పండి. ఒక్క ముక్క వదలకుండా."

అత్తయ్య చెప్పింది. మాస్టారికి ఈ బండి ప్రాణం. లేత్ మిషను మీద ముప్ఫై ఎనిమిదేళ్ళు పనిచేసి, రిటైరయ్యాక ఈ పెరట్లో రైలు కట్టుకున్నాడు. అరచేయి వెడల్పున ఇత్తడి పట్టాలు, మోచేయంత ఇంజను, రాళ్ళు పేర్చిన సొరంగం, నీళ్ళ తొట్టిమీద వంతెన. ఇరవై ఏళ్ళలో ఒక్కరోజు కూడా ఆరున్నర బండి ఆగలేదు. తెలిసిన చప్పుళ్ళు వినిపిస్తే మంచిదని నర్సు చెబితే, అత్తయ్య శనివారం సాయంత్రం తన ఫోనులో ఉన్న పాత రికార్డింగు వినిపించింది. ఫోనుని బొగ్గుబండిలో పెట్టి తిప్పుతూ పోయిన నెల సరదాకి చేసింది. అది విన్నంతసేపూ మాస్టారి మొహం ప్రశాంతంగా ఉంది. కుడిచేతి వేలు చప్పుడుకి తగ్గట్టు కదిలింది కూడా.

"పాతదెందుకు, తాజాది వినిపిద్దామని ఆదివారం పొద్దున్న మళ్ళీ రికార్డు చేశానమ్మా. అది వినిపిస్తే సగంలో మొహం చిట్లించాడు. సోమవారం కూడా అంతే, అదే చోట. ఎవరో తప్పు చేస్తే పళ్ళు కొరుక్కుంటాడే, అచ్చు అలాగ. నర్సు నవ్వేసింది. నాకే పిచ్చెక్కిందేమో అనుకున్నాను."

"పిచ్చి కాదు. ఏ చోట?"

"నలభై ఒకటో సెకను నించి యాభై అయిదు దాకా. ఫోనులో అంకెలు కనిపిస్తాయిగా."

ఈవిడ నా ఆఫీసులో ఉండుంటే సగం కేసులు ముందే తేలిపోయేవి అనుకుంది ఆరా. చేతి గడియారం విప్పి అరచేతిలో పెట్టుకుంది.

"బండి వదలండి."

ఆరున్నర బండి బయల్దేరింది. అత్తయ్య పట్టాలమీది ఆకులూ నత్తలూ ముందే ఏరేసింది, ఎక్కడా అడ్డం లేదు. ఆరా వంగి బండి పక్కనే నడిచింది. అయిదేసి అడుగుల జంట పట్టాలు ఇరవై, ఒక చుట్టుకి తొంభై నాలుగు సెకన్లు. అతుకు దాటినప్పుడల్లా చక్రాలు టిక్కుమంటున్నాయి. వంతెన దాటింది, టిక్కు. సొరంగం దాటింది, టిక్కు. పక్కింటివైపు ప్రహరీ గోడ వారకి తిరిగేసరికి గడియారంలో నలభై ఒకటి.

టక్!

బొగ్గుబండి ఎగిరిపడింది. అయిదడుగుల తరవాత మళ్ళీ టక్. అలా నాలుగు అతుకులు. యాభై అయిదో సెకను దాటాక మళ్ళీ మామూలుగా టిక్కు, టిక్కు.

ఆరాకి అర్థమైంది. తల పగిలి పడుకున్న మనిషి చెవితోనే చూసి చెబుతున్నాడు, నా పట్టా ఎవరో పాడుచేశారని.

"అత్తయ్యా, ఈ అతుకుల మధ్య సందు ఎంతుండాలి?"

అత్తయ్య షెడ్డులోంచి పనిముట్ల పెట్టె తెచ్చింది. సుత్తి, స్క్రూడ్రైవర్లు, చిన్న ఆకురాయి, వాటి పక్కన నూనె మరకలతో నల్లబడ్డ పాత పేకదస్తా.

"మూడు ముక్కలమ్మా. రెండు పట్టాల మధ్య మూడు పేకముక్కలు నిలబెట్టి, రెంటినీ కలిపే పట్టీ బిగించి, ముక్కలు లాగేస్తాడు. అదే అన్నయ్య కొలబద్ద."

"ఎప్పుడూ మూడేనా?"

"పొద్దున్న చల్లగా ఉంటేనే మూడు. ఎండెక్కాక చేస్తే ముక్కలు పెట్టెలో పడేసి పట్టాని పట్టాకి ఆనించేస్తాడు. ఇత్తడి ఎండకి సాగుతుందిట. అసలు అన్నయ్య పొద్దున్న తప్ప పట్టా ముట్టడు. ఎప్పుడో ఏడాదికోసారి మా వాడికి పగలు తీరిక దొరికితే ఇద్దరూ కలిసి మధ్యాహ్నం పూట కూర్చునేవాళ్ళు. అదీ మా ముగ్గురికే తెలుసు."

ఆరా మూడు ముక్కలు తీసుకుని వంతెన దగ్గర అతుకులో దూర్చింది. కొలిచి కోసినట్టు సరిపోయాయి. సొరంగం దగ్గరా అంతే. గోడ దగ్గరికొచ్చి దూర్చింది. ముక్కలు వదులుగా వాలిపోయాయి. నాలుగు పెట్టింది, అయిదు పెట్టింది. ఆరు పెడితే గానీ బిగియలేదు. నాలుగు అతుకులు, అటూ ఇటూ కలిపి ఎనిమిది సందులు. ఎనిమిదింటా ఆరే.

"శనివారానికి ముందు ఇలా లేదు కదూ?"

"ఉంటే అన్నయ్య అన్నం తినేవాడా? పోయిన వారం వానకి ఇక్కడ కంకర కొట్టుకుపోయి పట్టా కుంగింది. కుంగడమే గానీ అతుకులు బాగానే ఉన్నాయి. శనివారం మావాడు అడిగింది అదే కదమ్మా, లేపి మళ్ళీ వేద్దామని. అన్నయ్య వద్దంటే వద్దన్నాడు. ఆ గొడవే అందరూ విన్నది."

"ఎందుకు వద్దన్నాడు?"

"ఏమో. సోమవారం ఒకాయన వస్తాడు, అప్పటిదాకా ఆ మూల ఎవరూ చెయ్యి పెట్టొద్దు అన్నాడు. ఆయన వచ్చాడు కూడా. చేతిలో టేపూ ఇనప గొలుసూ. అన్నయ్య ఆసుపత్రిలో ఉన్నాడని చెబితే అయ్యో అని వెళ్ళిపోయాడు."

కుంగిన పట్టా ఇప్పుడు కుంగి లేదు. కింద కంకర కొత్తగా పరిచి ఉంది. ఎవరో లేపారు, మళ్ళీ వేశారు. మాస్టారు వద్దన్న పని, మాస్టారు పడిపోయిన రోజునే జరిగింది. ఆరాకి ఆకలి, కాఫీ, మోకాళ్ళనొప్పి అన్నీ ఒక్కసారిగా మరుపుకొచ్చాయి.

*

ఎనిమిదింటికి గేటు బయట జీపు ఆగింది. దిగినవాడు ఇన్‌స్పెక్టర్. ఆరా చెల్లెలి మొగుడు. ఇంట్లో పండగలకీ పబ్బాలకీ ఒకే పీటమీద కూర్చున్నా, కేసు దగ్గరికి వచ్చేసరికి ఉప్పూ నిప్పూ. మేడమ్ వేలు పెట్టిన మూడు కేసుల్లో ఇప్పటికే ఆయన మూడుసార్లు మాట వెనక్కి తీసుకోవలసి వచ్చింది. నాలుగోసారి తీసుకోకూడదని గట్టి పట్టుదలమీద ఉన్నాడు.

"నమస్కారం వదినా. పొద్దున్నే పేకాట మొదలెట్టారా?"

"మూడో చెయ్యి తక్కువైంది మరిదిగారూ, కూర్చుంటారా?"

"నాకంత తీరిక లేదు. మూడింటికి కోర్టు. అత్తయ్యగారి సంతకం ఒకటి కావాలి, తీసుకుపోదామని వచ్చాను." ఫైలు తెరిచి వేలితో కొట్టాడు. "శనివారం ఏడుంబావుకి మామా మేనల్లుడూ అరుచుకున్నారు. పక్కింటి మేనేజరుగారు విన్నారు. ఏడున్నరకి కుర్రాడు విసురుగా వెళ్ళిపోయాడు. ఎనిమిదింటికి అత్తయ్యగారు కళ్ళజోడు మార్పించుకోడానికి వెళ్ళారు, ఒంటిగంటకి వచ్చి చూస్తే మాస్టారు వంతెన పక్కన పడున్నారు. దెబ్బ ఏడుకీ పన్నెండుకీ మధ్య ఎప్పుడైనా తగిలుండొచ్చని డాక్టరు చెప్పాడు. ఇంకేం కావాలి? ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పట్టాను."

"అత్తయ్య ఎనిమిదింటికి వెళ్ళేటప్పుడు మాస్టార్ని చూడలేదా?"

"లేదమ్మా," అంది అత్తయ్య. "షెడ్డులో చప్పుడైంది, అక్కడే ఉన్నాడనుకుని కేకేసి వెళ్ళిపోయాను. పలికాడో లేదో కూడా చూసుకోలేదు. ఆ బాధ చచ్చేదాకా పోదు."

"మేనల్లుడు ఎనిమిది నించి ఎక్కడున్నాడు మరిదిగారూ?"

"వాడి మోటార్ల వైండింగు షాపులో. అయిదింటిదాకా కదల్లేదు, పదిమంది సాక్ష్యం. కాదనను. కానీ కొట్టింది ఏడున్నరకైతే ఎనిమిది తరవాత ఎక్కడుంటే నాకేంటి?"

"ఈ పట్టా ఎవరు వేశారు?"

"వాడే. పట్టా లేపుతానన్నాడు, మామ వద్దన్నాడు, చేతిలో ఉన్నదానితో కొట్టాడు, తరవాత ఏం తెలీనట్టు పట్టా వేసి పోయాడు."

"అంటే ఏడూ ఇరవైకి కొట్టి, పది నిమిషాల్లో మూడు పట్టాలు లేపి, కంకర పరిచి, ఎనిమిది సందులూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఆరేసి ముక్కలకి సర్ది, ఏడున్నరకి గేటు దాటాడా? మీ స్టేషను ముందు రోడ్డు గుంటలు కూడా వాడిచేతే పూడ్పించకపోయారా!"

ఇన్‌స్పెక్టర్ ముక్కుపుటాలు అదిరాయి. "ఆరు ముక్కలేంటి, పన్నెండు ముక్కలేంటి? జడ్జిగారి ముందు పేక పరిచి కూర్చోమంటారా వదినా?"

"పరుస్తాను. మీరు పన్నెండింటికి ఒకసారి రండి. పది నిమిషాలు చాలు. నా మాట తప్పైతే అత్తయ్యచేత నేనే సంతకం పెట్టిస్తాను. ఇంకెప్పుడూ మీ కేసులో వేలు పెట్టను."

ఆ చివరి మాటకి ఇన్‌స్పెక్టర్ మొహం వెలిగింది. "ఒట్టు?"

"ఒట్టు."

"పన్నెండింటికి వస్తాను," అని ఉత్సాహంగా జీపెక్కాడు.

*

పదిన్నరకి గేటు దగ్గర చిన్న దగ్గు వినిపించింది. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫ్లాస్కు, చంకలో గొడుగు. పక్కింటి మేనేజరుగారు. ఒకప్పుడు గోదాము మేనేజరు, ఇప్పుడు ఒంటరి మనిషి. రాత్రంతా ఆసుపత్రిలో ఉండే అత్తయ్య ఇంటికొచ్చి స్నానం, వంట చూసుకుని మళ్ళీ రెండింటికి వెళ్ళేదాకా, రోజూ పదకొండింటి నించి మాస్టారి పక్కన కూర్చునేది ఆయనే.

"సొంత తమ్ముడైనా ఇంత చెయ్యడు," అంది అత్తయ్య.

"ఎంతమాట! మాస్టారు నాకు గురువు," అన్నాడాయన. తరవాత గోడ పక్కన చతికిలబడ్డ ఆరాని చూశాడు. "మేడమ్‌గారు అక్కడ ఏం చేస్తున్నారు?"

"గడ్డి పీకుతున్నానండీ. అత్తయ్య ఒక్కత్తే చేసుకోలేకపోతోంది." నిజంగానే రెండు పరకలు పీకి చూపించింది. "మీరు కూడా సాయం చేసేవారట కదా?"

"ఏదో చేతనైనంత. మూడేళ్ళుగా రోజూ ఆరింటికి వచ్చి కంకర జల్లించడం, మరలు బిగించడం. ఏడు కొట్టగానే వెళ్ళిపోతాను. ఎండ నాకు పడదు, కళ్ళు తిరుగుతాయి."

"శనివారం కూడా వచ్చారా?"

"వచ్చాను. ఏడింటికి వెళ్ళిపోయాను. ఏడుంబావుకి కేకలు వినబడ్డాయి. తరవాత తలుపులు వేసుకుని పుస్తకం పట్టుకుంటే నిద్ర పట్టేసింది. లేచేసరికి ఒంటిగంట, అత్తయ్యగారి ఏడుపు." తల అడ్డంగా ఊపాడు. "ఆ కుర్రాడు ఇంత పని చేస్తాడని ఎవరనుకుంటారు? ఇక నాకూ ఇక్కడ మనసు నిలవదు. ఇల్లు అమ్మేశాను మేడమ్. వచ్చేవారం వాళ్ళు పాత ఇల్లు పడగొట్టి పునాదులు తవ్వుతారట. ఈ బండి చప్పుడు లేకుండా ఎలా బతకాలో."

కళ్ళు తడిచేసుకుని, ఫ్లాస్కు జాగ్రత్తగా పట్టుకుని వెళ్ళిపోయాడు. మంచి మనిషి, మర్యాదస్తుడు. ఆరా ఆయన వెళ్ళినవైపే చూస్తూ ఉండిపోయింది. ఎండ పడనివాడు ఎండలో పని ఎలా చేయాలో ఎందుకు నేర్చుకుంటాడు? ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే కొంచెం సిగ్గేసింది. అయినా దాన్ని వదల్లేదు.

*

పన్నెండుకి అయిదు నిమిషాలు ఉందనగా జీపు వచ్చింది. పెరడు మాడిపోతోంది. శనివారం కూడా ఇదే ఎండ. పట్టామీద చెయ్యి వేసిన ఇన్‌స్పెక్టర్ అబ్బా అని లాక్కున్నాడు.

"ఊఁ, చూపించండి మీ ఇంద్రజాలం."

ఆరా మూడు ముక్కలు ఆయన చేతికే ఇచ్చింది. "మీరే దూర్చండి. ముందు వంతెన దగ్గర."

ఆయన దూర్చబోయాడు. దూరలేదు. ఒక్క ముక్క కూడా దూరలేదు. పట్టాకి పట్టా ముద్దుపెట్టుకున్నట్టు అతుక్కుపోయి ఉంది.

"పొద్దున్న ఇక్కడ మూడు పట్టాయి," అంది ఆరా. "రాత్రి చలికి పట్టా కురచవుతుంది, పగటి ఎండకి సాగుతుంది. సాగడానికి చోటు వదలకపోతే పట్టా పాములా వంకర తిరుగుతుంది. అందుకే పొద్దున్న వేసేటప్పుడు మూడు ముక్కల సందు. మధ్యాహ్నానికి అది పూడిపోతుంది. ఇప్పుడు గోడ దగ్గర చూడండి."

ఇన్‌స్పెక్టర్ గోడ దగ్గర వంగాడు. మూడు ముక్కలూ సునాయాసంగా దిగి, బిగుసుకుని నిలబడ్డాయి. పక్క అతుకులో పెట్టాడు. అక్కడా అంతే. ఎనిమిదిచోట్లా చూశాడు. చెమట తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు.

"అంటే..."

"అంటే ఈ మూడు పట్టాలూ ఇంత ఎండలో వేశారు. ఇలాంటి మిట్టమధ్యాహ్నం, సరిగ్గా మూడు ముక్కలు పెట్టి మరీ వేశారు. తెల్లారేసరికి పట్టా కురచై సందు ఆరైంది. పొద్దున్న ఏడింటికి వేసుంటే ఇప్పుడిక్కడ సందే ఉండకూడదు. శనివారం మధ్యాహ్నం మీ ముద్దాయి షాపులో పదిమంది మధ్య కూర్చున్నాడు. మీరే కాదనను అన్నారు."

ఆయన అంత తేలిగ్గా లొంగే రకం కాదు. "మాస్టారే వేసుకుని ఉండొచ్చుగా! వేస్తూ ఎండదెబ్బకి తూలి వంతెనమీద పడుండొచ్చు."

"మాస్టారు ఎండలో ముక్కలు పెట్టడు. మేనల్లుడూ పెట్టడు. ఇది ఆ ఇద్దరికీ రాని తప్పు. మూడు ముక్కలనే మాట మాత్రం తెలిసి, అది పొద్దుటిపూట మాటేనని తెలియనివాడు చేసిన తప్పు. వాడు ఎప్పుడూ పొద్దున్నే నేర్చుకున్నాడు. చాలా పద్ధతిగా కూడా నేర్చుకున్నాడు."

అత్తయ్య మొహంలో రక్తం ఇంకిపోయింది. ఆవిడకి అర్థమైంది. ఆవిడ చూపు పక్కింటి గోడవైపు తిరిగింది.

"ముందు కింద ఏముందో చూద్దాం," అంది ఆరా. ఎనిమిది పట్టీల మరలూ విప్పి, ముగ్గురూ కలిసి మూడు పట్టాలూ ఎత్తి పక్కన పెట్టారు. కంకర తోశారు. మాస్టారు జల్లించి, కడిగి పరిచే కంకర కాదది, మట్టితో కలిసిన కంకర. దానికింద మెత్తగా, నల్లగా తవ్విన మట్టి. ఆరా వట్టి చేతులతోనే తోడింది. మూరెడు లోతున నాలుగు పలకల గుంట బయటపడింది. అంచులు చెక్కినట్టున్నాయి. అడుగున రాతి సున్నం తెల్లగా మిగిలిపోయింది.

ఇన్‌స్పెక్టర్ నోరు తెరిచాడు. ఎన్ని స్థలాల గొడవలు చూశాడో, ఆ గుంట ఏమిటో ఆయనకే ముందు తట్టింది.

"సర్వేరాయి!"

"వానకి కంకర కొట్టుకుపోయి రాయి తల బయటపడింది," అంది ఆరా. "హద్దు కొలతలకి మూలం ఈ రాయే, దీన్నించి కొలిస్తే ఆ గోడ ఇవతలికి జరిగిందని తేలిపోతుంది. పక్కింటి గది సగం మాస్టారి స్థలంలోనే ఉందన్నమాట. సోమవారం టేపూ గొలుసుతో వచ్చినాయన సర్వేయరు. ఆయన కొలిచి రాసేదాకా రాయి కదలకూడదనే మాస్టారు ఈ మూల ముట్టుకోనివ్వలేదు. దాచుకునే మనిషి కాదుగా, పక్కింటాయనకి తానే చెప్పుంటాడు, సోమవారం కొలతలున్నాయి మీరూ ఉండండి అని. రాయి దొరికితే తల పగలగొట్టింది దేనితోనో కూడా దొరికినట్టే."

"వచ్చేవారం పునాదులు తవ్వుతారన్నాడు, ఆ రాయీ ఆ మట్టిలోనే కలిసిపోయేది," అంది అత్తయ్య మెల్లగా. "మూడేళ్ళు నా చేత్తో కాఫీ ఇచ్చానమ్మా వాడికి."

"ఇంటిదొంగ సామెత బాగానే చెప్పారు మరిదిగారూ. పక్కింటిదొంగ సంగతి అందులో లేదు." అని లేవబోయిన ఆరా సగంలో ఆగిపోయింది. "ఇప్పుడు మాస్టారి దగ్గర ఎవరున్నారు?"

అందరికీ తెలుసు.

"గది బయట మీ కానిస్టేబుల్ ఉన్నాడుగా?"

ఇన్‌స్పెక్టర్ జీపు తాళాలకోసం జేబు తడుముకున్నాడు. "ముద్దాయి లోపలే ఉన్నాడు, ఇంకా కాపలా ఎందుకని పొద్దున్నే తీసేశాను వదినా."

అప్పుడే అత్తయ్య ఫోను మోగింది. తెరమీద మేనేజరుగారి పేరు. ఆరా చటుక్కున జోకరు ముక్కమీద పెన్సిల్‌తో రాసి చూపించింది. *ఎన్ని ముక్కలో అడగండి. మాటల్లో పెట్టండి.* ఇన్‌స్పెక్టర్‌ని కళ్ళతోనే గేటువైపు తరిమింది. ఆయన పరిగెత్తాడు. పరిగెడుతూనే జేబులోంచి ఫోను తీసి ఆసుపత్రి నంబరు నొక్కుతున్నాడు. జీపు కదిలిన చప్పుడయ్యాకే అత్తయ్య ఫోను ఎత్తి, ఆరాకి కూడా వినబడేలా స్పీకరు నొక్కింది.

"అత్తయ్యగారూ, శుభవార్త! మాస్టారు కళ్ళు తెరిచారు!"

అత్తయ్య కళ్ళలోంచి నీళ్ళు జారాయి. గొంతులోకి మాత్రం ఒక్క చుక్క రానివ్వలేదు. "నిజమా? ఎంత చల్లని మాట చెప్పారండీ! అన్నయ్య రాగానే బండి చూస్తానంటాడు. ఇక్కడేమో గోడ దగ్గర ఎగిరెగిరి పడుతోంది. విప్పి కూర్చున్నాను, నాకేమో చేతకావడం లేదు. ఎన్ని ముక్కలు పెట్టాలండీ?"

చిన్న నవ్వు వినిపించింది. తెలిసిన విద్య అడిగితే ఎవరికి ముచ్చటగా ఉండదు?

"మూడమ్మా. మూడు నిలబెట్టి, పట్టీ బిగించి, లాగేయాలి."

"ఇప్పుడు మిట్టమధ్యాహ్నం కదండీ. పట్టా చేతికి అంటుకుపోతోంది. ఇప్పుడూ మూడేనా?"

"పొద్దునైతే ఏంటి, మధ్యాహ్నమైతే ఏంటి? కొలత కొలతే. మొన్న ఇదే ఎండలో నేను..."

మాట తెగిపోయింది. ఫోనులో ఫ్యాను తిరిగే చప్పుడు, ఎక్కడో ట్రాలీ దొర్లే చప్పుడు.

"మొన్న మీరు?" అంది అత్తయ్య.

"అత్తయ్యగారూ," గొంతు మారలేదు, మర్యాదా తగ్గలేదు, వేగం మాత్రం తగ్గింది. "మీ పక్కన ఎవరైనా ఉన్నారా?"

"ఎవరుంటారండీ? నేనూ ఈ బండీ."

"సరే. ఎండలో కంగారుపడి రాకండి. నర్సు డాక్టరుకోసం కింది అంతస్తుకి వెళ్ళింది. మాస్టారు నావైపే చూస్తున్నారు, ఏదో చెప్పాలని పెదవులు కదుపుతున్నారు. తలుపు దగ్గరికి వేసి, ఆయన చెప్పేదేదో నేను వింటాను. నేనున్నానుగా."

ఫోను పెట్టేశాడు. ఆసుపత్రికి జీపులో పన్నెండు నిమిషాలు. ఇన్‌స్పెక్టర్ బయల్దేరి ఇంకా రెండు నిమిషాలే అయింది. ఆయన నొక్కిన ఆసుపత్రి నంబరు అవతల ఎవరైనా ఎత్తారో లేదో ఆరాకి తెలీదు.